మన కంప్యూటర్‌లో తెలుగు డబ్బాలుగా ఎందుకు కనిపించింది?

పోయిన నెల డిపార్ట్‌మెంట్ బీరువా సర్దుతుంటే అడుగు అరలో ఒక సీడీ దొరికింది. పైన స్కెచ్ పెన్నుతో 'పాటలు' అని రాసి ఉంది. చాలా ఏళ్ల కింద మన సీనియర్ అక్కలు హోసూరు చుట్టుపక్కల పల్లెలు తిరిగి, అవ్వల పక్కన కూర్చుని రాసుకొచ్చిన లాలిపాటలు, నలుగు పాటలు, దంపుళ్ల పాటలు అవి. అందరం ఆశగా మూలనున్న లినక్స్ కంప్యూటర్ చుట్టూ చేరాం. మొదటి ఫైలు తెరిస్తే పేజీ నిండా చిన్న చిన్న డబ్బాలు. రెండోది తెరిస్తే అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు. మూడోది తెరిస్తే డిగ్రీ గుర్తులు, ప్లస్ మైనస్‌లు.

"ఫైళ్లు చెడిపోయాయే, తీసేద్దాం" అని ఒక అక్క అనేసింది. మౌసు మీద చెయ్యి కూడా పెట్టేసింది. నేను చెయ్యి అడ్డం పెట్టాను. ఆ పాటలు చెప్పినవాళ్లలో ఒక అవ్వ మా వీధి ఆవిడే. ఇప్పుడు లేరు. ఆ పాటలు మళ్లీ అడిగి రాసుకుందామంటే అడగడానికి మనిషి లేదు.

తరవాత మూడు వారాలు మధ్యాహ్నం భోజనాల వేళల్లో కూర్చుని ఒక్కొక్కటీ విప్పుకుంటూ వచ్చాను. తెలిసిందేమిటంటే, మూడు ఫైళ్లలో ఒక్కటి కూడా చెడిపోలేదు. మూడింటికీ మూడు వేరు వేరు జబ్బులు. ఒకదాని మందు ఇంకోదానికి పనికిరాదు. మనలో చాలామంది ప్రాజెక్టులు ఈ కంప్యూటర్‌లోనే టైపు చేస్తున్నారు గనక, ఏ జబ్బుని ఎలా గుర్తుపట్టాలో రాస్తున్నాను.

ముందు ఒక మాట. కంప్యూటర్ తెలుగు అక్షరాల బొమ్మలు దాచుకోదు, అంకెలు దాచుకుంటుంది. యూనికోడ్ అనే పద్ధతిలో ప్రపంచంలోని లిపులన్నిటికీ తలా ఒక వీధి కేటాయించారు. మన వీధికి 128 ఇళ్లు. తకి ఒక ఇంటి నంబరు, ఎత్వానికి ఒకటి, లకి ఒకటి, కొమ్ముకి ఒకటి. 'తెలుగు' అనే మాట మన కంటికి మూడక్షరాలు, కంప్యూటర్‌కి మాత్రం ఆరు అంకెలు: త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము. ఆ అంకెని చూసి ఏ బొమ్మ గియ్యాలో చెప్పేది ఫాంటు. ఫాంటు లేకపోతే అంకె ఉంటుంది, బొమ్మ ఉండదు. అప్పుడు గీసేదే ఆ డబ్బా.

అందుకని మొదటి ఫైలు చూసి భయపడక్కర్లేదు. కొన్ని ప్రోగ్రాముల్లో ఆ డబ్బా లోపల చీమతలంత నాలుగు గుర్తులు కూడా ఉంటాయి. కళ్లు చికిలించి చూస్తే సున్నా, సి, రెండు, నాలుగు అని కనిపిస్తుంది. అది త ఇంటి నంబరు. అంటే అక్షరం భద్రంగా ఉంది, దానికి చీర మాత్రం లేదు! సున్నా, సి, ఆ పక్కన సున్నా నించి ఏడు దాకా ఏదో ఒక అంకె ఉన్న డబ్బాలు కనిపిస్తే అది తెలుగేనని, ఫైలు బాగానే ఉందని ధైర్యంగా చెప్పేయొచ్చు. మన కంప్యూటర్ పాతదని ఎవరో తేలికపాటి డెబియన్ లినక్స్ వేశారు. వేసినప్పుడు ఇంగ్లీషుకీ తమిళానికీ మాత్రమే ఫాంట్లు పెట్టారు. తమిళ వాళ్ల ఫైళ్లు చక్కగా తెరుచుకుని, మనవి మాత్రం డబ్బాలైపోవడానికి కారణం అంతే. ఇందులో ఎవరి కుట్రా లేదు (నేను మొదట ఉందనే అనుకున్నాను).

ఏ తెలుగు ఫాంట్లు ఉన్నాయో కంప్యూటర్‌నే అడగొచ్చు. టెర్మినల్ తెరిచి 'ఎఫ్‌సి-లిస్ట్' అనే ఆజ్ఞ పక్కన భాష తెలుగు అని సూచిస్తే ఉన్నవాటి పట్టిక వస్తుంది. మన దాంట్లో ఏమీ రాలేదు, ఖాళీ లైను. ఆజ్ఞలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చెయ్యాలి. వాటి స్పెల్లింగులు చీటీ మీద రాసి మానిటర్ అంచుకి అంటించాను, దయచేసి ఎవరూ పీకెయ్యకండి.

ఫాంట్లు పెట్టడానికి రెండు దారులు. అడ్మిన్ పాస్‌వర్డ్ ఉన్నవాళ్లయితే డెబియన్‌లోగాని ఉబుంటులోగాని 'ఫాంట్స్-తెలు' అనే ప్యాకేజీ వేస్తే చాలు. దాంతో లోహిత్ తెలుగు, పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. పోతన 2000, వేమన 2000 తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు తయారుచేసి అందరికీ ఉచితంగా ఇచ్చినవి. 'ఫాంట్స్-నోటో-కోర్' వేస్తే నోటో తెలుగు కూడా వస్తుంది. ఈ డబ్బాలని ఇంగ్లీషు వాళ్లు సరదాగా టోఫు అంటారట, సోయా పనీరు ముక్కల్లా ఉంటాయని. ఇకమీద టోఫు ఉండకూడదనే ఆ ఫాంటుకి నోటో అని పేరు పెట్టారు.

పాస్‌వర్డ్ లేనివాళ్లకి, అంటే మనకి, రెండో దారి. ఫాంటు ఫైలు దింపుకుని మన సొంత హోమ్ ఫోల్డర్‌లోనే పెట్టుకోవచ్చు. హోమ్‌లో 'లోకల్' అనే దాగి ఉన్న ఫోల్డరు ఉంటుంది, కంట్రోల్, హెచ్ కలిపి నొక్కితే బయటపడుతుంది. దాని లోపల 'షేర్', దాని లోపల 'ఫాంట్స్'. లేకపోతే మనమే సృష్టించుకోవాలి. అక్కడ ఫాంటు పెట్టి, 'ఎఫ్‌సి-క్యాష్' అనే ఆజ్ఞ ఒకసారి ఇవ్వాలి. కొత్త ఫాంటు వచ్చిందని కంప్యూటర్ తన పట్టిక తిరగరాసుకుంటుంది. ఆ తరవాత తెరిచి ఉన్న లిబ్రెఆఫీసుని మూసి మళ్లీ తెరవాలి. ఈ చివరి ముక్క నాకు తెలియక ఒక మధ్యాహ్నమంతా పోయింది. ఫాంటు పెట్టాను, పట్టికలో కనిపిస్తోంది, ఫైలులో మాత్రం అవే డబ్బాలు. మూసి తెరిస్తే పాటంతా కళ్ల ముందుంది. రూములో ఉన్న నలుగురం గట్టిగా అరిచాం. పక్క క్లాసు మేడం వచ్చి చూసి వెళ్లారు.

అలా పెట్టుకునే ఫాంట్లలో సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసినవి చాలా ఉన్నాయి: మండలి, రామభద్ర, గిడుగు, గురజాడ, సూరన్న, పెద్దన, ధూర్జటి, తిమ్మన. ఫాంట్ల పట్టిక చూస్తే మన రెండో ఏడు సిలబస్ చూసినట్టే ఉంటుంది. ఇవి ఎవరైనా వాడుకోవచ్చు. విండోస్‌తో వచ్చే గౌతమి, వాణి, నిర్మల మాత్రం ఉచిత ఫాంట్లు కావు, వేరే మెషీన్ నించి కాపీ కొట్టి తెచ్చుకోవద్దు.

గౌతమి అన్నాను గనక ఇక్కడే ఇంకో సంగతి. మొదటి ఫైలు టైపు చేసిన అక్క విండోస్‌లో గౌతమి వాడింది. మన దగ్గర గౌతమి లేదు. అలాంటప్పుడు లిబ్రెఆఫీసు గౌతమి పేరుని పైన వాలు అక్షరాల్లో చూపిస్తూ, దాని బదులు దగ్గర్లో ఉన్న ఇంకో తెలుగు ఫాంటు తొడుగుతుంది. చదవడానికి ఇబ్బంది లేదు, కొలతలే మారతాయి. 40 పేజీల ప్రాజెక్టు 46 పేజీలయిపోయి, విషయసూచికలో నంబర్లు తప్పుతాయి. ప్రింటుకి ఇచ్చే ముందు పీడీఎఫ్ చేసుకోవడమే క్షేమం, పీడీఎఫ్ తన ఫాంటుని తనతోనే మోసుకుపోతుంది. ఫైలుగానే ఇవ్వాల్సి వస్తే ఫైల్ మెనూలో ప్రాపర్టీస్, అందులో ఫాంట్ అనే భాగంలో ఫాంట్లని ఫైలులోనే పొదిగే వీలుంది.

లిబ్రెఆఫీసులో మనవాళ్లు తరచూ తికమకపడేది ఇంకోటుంది. పైన ఫాంటు మార్చినా తెలుగు మారటం లేదంటారు. ఆ ప్రోగ్రాము లిపుల్ని మూడు వర్గాలు చేసింది: పాశ్చాత్యం, ఆసియా, సంక్లిష్ట లిపులు. ఆసియా అంటే దాని లెక్కలో చైనా, జపాన్, కొరియా. మనం మూడో వర్గంలో పడతాం. టూల్స్, ఆప్షన్స్, అక్కడ భాషల భాగానికి వెళ్లి సంక్లిష్ట లిపుల గడిలో తెలుగు ఎంచుకుంటే, ఆ తరవాత అక్షరాల పెట్టెలో తెలుగుకి వేరేగా ఫాంటు, సైజు ఇచ్చుకునే చోటు కనిపిస్తుంది. పైన గడిలో ఇంగ్లీషుకి 12 పెట్టి, తెలుగు ఎందుకు పెద్దది కాలేదని ఏడవక్కర్లేదు.

ఇక అక్షరాలు కనిపిస్తున్నా విరిగిపోయి ఉండే జబ్బు. దీనికి నేను పెట్టుకున్న పరీక్ష మాట 'స్త్రీ'. ఆడపిల్లల కాలేజీ గనక గుర్తుండిపోతుందని! ఈ ఒక్క అక్షరంలో ఆరు అంకెలున్నాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. వీటిని వరసగా చదివి, పొల్లు పక్కన హల్లు వస్తే వత్తు చెయ్యాలని, చివర్న వచ్చిన గుడిదీర్ఘాన్ని వెనక్కి తీసుకెళ్లి మొదటి స మీద పెట్టాలని తెలిసినవాడొకడు మధ్యలో ఉండాలి. లినక్స్‌లో ఆ పని ఎక్కువగా హర్ఫ్‌బజ్ అనేది చేస్తుంది. పేరు పారశీకం నించి వచ్చింది, హర్ఫ్ అంటే అక్షరం. ఫాంటు లోపల ఉండే నియమాలని చదివి అది అక్షరాన్ని కూరుస్తుంది. ఫాంటులో ఆ నియమాలు లేకపోయినా, ప్రోగ్రాము మరీ పాతదైనా 'స్‌త్‌రీ' అని విడివిడిగా పడుతుంది. ఫాంటు మార్చి చూడండి. అది కుదిరితే తప్పు ఫాంటుది. అన్ని ఫాంట్లలోనూ అలాగే ఉంటే తప్పు ప్రోగ్రాముది. టెర్మినల్‌లో మాత్రం తెలుగు చాలాసార్లు విరిగే కనిపిస్తుంది. అక్కడ ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు గడి, మన వత్తులు ఆ గడుల్లో ఇమడవు. దాన్ని చూసి ఫైలు బాగాలేదనుకోకండి.

ఏ ప్రోగ్రాములో చూసినా చుక్కల వలయం ఒకటి మధ్యలో కనిపిస్తే అది ఫాంటు తప్పు కాదు, మన టైపింగు తప్పు. గుణింతపు గుర్తుకి ఆధారంగా హల్లు లేకపోతే, 'ఇక్కడ ఏదో అక్షరం ఉండాలే' అని కంప్యూటర్ ఆ వలయం గీస్తుంది. గుడి రెండుసార్లు నొక్కి ఉంటారు, లేదా హల్లుకీ గుడికీ మధ్య ఖాళీ వచ్చి ఉంటుంది. చెరిపి మళ్లీ కొడితే పోతుంది.

దీనికి వ్యతిరేకమైన గొడవ, కలవకూడనివి కలిసిపోవడం. మన బోర్డు మీదే చూడండి. 'డిపార్ట్‌మెంట్' అని రాస్తే ట కింద పొల్లు, పక్కన మె. మామూలుగా టైపు చేస్తే 'డిపార్ట్మెంట్' అయి కూర్చుంటుంది, మ వత్తుగా మారి ట కిందికి దూరుతుంది. విడిగా ఉంచాలంటే మధ్యలో కంటికి కనిపించని ఒక గుర్తు పెట్టాలి. దానికి వెడల్పు లేదు, పని మాత్రం ఉంది: 'మీరిద్దరూ కలవకండి' అని చెప్పడం. లిబ్రెఆఫీసులో ఇంగ్లీషు కీబోర్డుకి మారి 200 పక్కన సి కొట్టి ఆల్ట్, ఎక్స్ నొక్కితే ఆ గుర్తు వస్తుంది. ఫైలు ఒకచోటి నించి ఇంకోచోటికి అతికించేటప్పుడు కొన్ని ప్రోగ్రాములు దీన్ని మింగేస్తాయి. అందుకే ఒకే వ్యాసంలో సగం 'సాఫ్ట్‌వేర్'లు, సగం 'సాఫ్ట్వేర్'లు ఉంటాయి. అది రాసినవాళ్ల అజాగ్రత్త అని నేను ఇదివరకు అనుకునేదాన్ని. క్షమించాలి.

వత్తుల తోకలు తెగి కనిపిస్తే లైన్ల మధ్య దూరం చూడండి. 'ఫిక్స్‌డ్' అని ఉంటే తెలుగుకి అది ఉరితాడు. ఇంగ్లీషు అక్షరాల లెక్కన కొలిచిన చోటులో మన వత్తు కింద నిలబడలేదు. దాన్ని దామాషాకి మార్చండి, సరిపోతుంది.

మూడో ఫైలు సంగతి చెప్పి రెండోదానికి వస్తాను, రెండోదే పెద్దది. మూడోది పాటల పట్టిక, ఏ ఊరు, ఏ అవ్వ, ఏ పాట అని మామూలు టెక్స్టు ఫైలు. తెరిస్తే నెత్తిన గీతున్న ఇంగ్లీషు ఎ, పక్కన డిగ్రీ గుర్తు, మళ్లీ అదే ఎ, పక్కన ప్లస్ మైనస్ గుర్తు, ఇలా పేజీలకి పేజీలు. ఇది ఫాంటు జబ్బే కాదు. యూనికోడ్ తెలుగు అక్షరం ఒక్కోటి ఫైలులో మూడు ముక్కలుగా నిలవ ఉంటుంది. ఆ మూడూ కలిపి ఒకటిగా చదవకుండా, ఒక్కో ముక్కనీ ఒక్కో పడమటి అక్షరంగా చదివేసింది ప్రోగ్రాము. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి ముక్క ఒకటే, అందుకే ఆ ఎ మళ్లీ మళ్లీ వస్తుంది. హల్లులకి రెండో ముక్క డిగ్రీ గుర్తు, కొమ్ము, ఎత్వం లాంటి చాలా గుణింతాలకి ప్లస్ మైనస్. ఇంత తెలిసాక ఆ చెత్తలోనే హల్లు ఎక్కడుందో, కొమ్ము ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలను! మందు చాలా తేలిక. తెరిచేటప్పుడు ఫైలు రకం దగ్గర ఎన్‌కోడింగ్ ఎంచుకునే టెక్స్టు అని చెప్పి, 'యూటీఎఫ్-8' ఎంచుకోవాలి. అలా తప్పుగా కనిపిస్తున్నప్పుడు మాత్రం పొరపాటున కూడా సేవ్ నొక్కకండి. అప్పుడు నిజంగానే చెడిపోతుంది.

రెండో ఫైలు డీటీపీ షాపులో టైపు చేయించినది. యూనికోడ్ ఇంటింటికీ రాకముందు తెలుగు అచ్చుపనికి ఒక ఉపాయం ఉండేది. ఇంగ్లీషు అక్షరాల ఇళ్లలో తెలుగు ముక్కల బొమ్మలు కాపురం పెట్టించేవాళ్లు. ఇంగ్లీషు కె ఉండాల్సిన చోట ఒక తలకట్టు, ఎల్ ఉండాల్సిన చోట ఒక వత్తు, ఇలా ప్రతి ఫాంటు కంపెనీకి దాని సొంత పంపకం. ఆ ఫాంటు ఉన్న మెషీన్‌లో తెలుగు, లేని మెషీన్‌లో ఇంగ్లీషు చెత్త. ఇక్కడ పోతన వేసినా నోటో వేసినా లాభం లేదు. ఫైలులో ఉన్నవి నిజంగానే ఇంగ్లీషు అంకెలు.

అదృష్టం బాగుండి, డిపార్ట్‌మెంట్ అప్పట్లో కొన్న ఆ ఫాంటు సీడీ కూడా అదే బీరువాలో ఉంది. దాన్ని హోమ్ ఫోల్డర్‌లో పెడితే లినక్స్ ఏ గొణుగుడూ లేకుండా చూపించింది. చదవగలిగాం. అయితే అది చదవడానికే. వెతకడానికి పనికిరాదు, ఫోనులో పంపితే మళ్లీ చెత్తే. యూనికోడ్‌లోకి మార్చాలి. మార్చే ఉచిత పనిముట్లు ఉన్నాయిగాని వాటి పని అంత తేలిక కాదు. పాత ఫాంటులో 'స్త్రీ' అంటే కంటికి కనిపించిన వరసలో సీ, త వత్తు, ర వత్తు. యూనికోడ్‌లో మనం పలికే వరస: స, త, ర, ఆ తరవాత దీర్ఘం. ప్రతి జంటాక్షరంలోనూ గుణింతాన్ని ఎత్తి చివరికి పెట్టాలి. ఎక్కడ తప్పినా మాట మారిపోతుంది. మార్చిన 62 పేజీల్లో నేను చూసినంతవరకు ఎత్వం ఏత్వంగా మారినవి, వత్తులు పక్క అక్షరానికి అంటుకున్నవి పేజీకి నాలుగైదు చొప్పున ఉన్నాయి.

ఇంకో చిక్కు మా వీధి అవ్వ పాటల్లో వచ్చింది. ఆవిడ 'చ'ని రెండు రకాలుగా పలికేది, 'జ'ని కూడా. రాసుకున్న అక్క చేతిరాతలో ఆ తేడా జాగ్రత్తగా గుర్తుపెట్టింది, నోటు పుస్తకం మన మేడం దగ్గరుంది. టైపు చేసినప్పుడు అదంతా మామూలు చ, జ అయిపోయింది, ఆ పాత ఫాంటులో వేరే అక్షరాలు లేవు. ఇప్పుడున్నాయి. ౘ, ౙ యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి. అన్ని ఫాంట్లలో అవి ఉండవు. లేని ఫాంటు వాడితే ఆ ఒక్క అక్షరాన్నీ కంప్యూటర్ ఇంకో ఫాంటు నించి అప్పు తెస్తుంది, అది పక్కవాటికంటే సన్నగానో లావుగానో కనిపిస్తుంది. నోటోలో రెండూ ఉన్నాయి, అందుకే పాటలన్నీ నోటోలో పెడుతున్నాను. అందం కొంచెం తక్కువే, ఒప్పుకుంటాను.

62లో 19 పేజీలు నోటు పుస్తకంతో సరిచూశాం. ఒకరు చదవాలి, ఒకరు తెర మీద చూడాలి, ఒక్కళ్ల వల్ల అయ్యేది కాదు. గురువారం మధ్యాహ్నం భోజనాల తరవాత నేను అక్కడే ఉంటాను. ఇంట్లో అవ్వలు, అమ్మమ్మలు 'ౘ' ఎలా పలుకుతారో తెలిసినవాళ్లు వస్తే మరీ మంచిది. నాకు బెంగళూరు పెంపకం, ఆ తేడా చెవికి సరిగ్గా ఆనదు.